బ్రహ్మతాల్ మంచుదారి, అరిగిపోయిన ఇనుప ముళ్ళు, లోహాజంగ్ ఉలవపప్పు

ఉత్తరాఖండ్‌లోని బ్రహ్మతాల్ సరస్సుకు ఫిబ్రవరి చివర్లో నడిచి వెళ్ళిన మా ముగ్గురినీ కొండ పెట్టిన కష్టం కంటే, మమ్మల్ని తీసుకువెళ్ళిన సంస్థ అద్దెకిచ్చిన సామాను పెట్టిన కష్టమే ఎక్కువ. మనిషికి 600 రూపాయలు అద్దె తీసుకుని అరిగిపోయిన మైక్రోస్పైక్స్, అంటే మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళు, అంటగట్టారు. అవి దారిలో తెగిపోతే తెంపింది మీరేనంటూ డిపాజిట్టులోంచి మరో 700 రూపాయలు మినహాయించుకున్నారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు కనుక, ఆ వైపు వెళ్ళబోయేవారికి పనికివస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను. ఇందులోని ఖర్చుల అంకెలన్నీ మా బావగారి పుస్తకంలోవి. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. టీకి ఇచ్చిన పది రూపాయలు కూడా రాసి పెట్టుకుంటారు.

విజయవాడ నుంచి ఋషీకేశ్ వరకు చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. అక్కడి నుంచి, నడక మొదలయ్యే లోహాజంగ్‌కు జీపులో మనిషికి 1,500 రూపాయలు, పది గంటలకు పైగా ప్రయాణం. కర్ణప్రయాగ వరకు బదరీనాథ్ వెళ్ళే రహదారే. అక్కడ అలకనందను విడిచి, పిండర్ నది వెంట థరాలీ, దేవాల్ ఊళ్ళ మీదుగా పైకి తిరగాలి. మలుపులకు అక్క కడుపులో తిప్పి ఏమీ తినలేకపోయింది. దేవప్రయాగలో దిగి సంగమస్నానం చేసి తీరాలని బావగారు పట్టుబట్టారు గానీ, చీకటి పడేలోగా చేరాలని డ్రైవరు ఆపలేదు. దాంతో ఆయన సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

లోహాజంగ్ సుమారు 7,700 అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది రూప్‌కుండ్ సరస్సు కోసం వచ్చేవారట. ఆ దారిలో గుడారాలు వేసేది బుగ్యాళ్ళలోనే. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళలో, అంటే కొండల పైనున్న పచ్చికబయళ్ళలో, రాత్రి బసను నిషేధించిన తరువాత ఆ గుంపంతా బ్రహ్మతాల్ వైపు మళ్ళిందని టీకొట్టు యజమాని చెప్పాడు. చలికాలమంతా జట్టు వెనుక జట్టు వస్తూనే ఉంటుంది కాబట్టి అద్దె సామాను ఒకరి కాళ్ళ నుంచి ఊడి మరొకరి కాళ్ళకు ఎక్కుతూనే ఉంటుంది. మేము ఒక్కొక్కరం 9,500 రూపాయల ప్యాకేజీకి 5 శాతం జీఎస్టీ కలిపి 9,975 కట్టాము. మైక్రోస్పైక్స్, బూట్లలోకి మంచు దూరకుండా కాళ్ళకు కట్టే గైటర్ల అద్దె అందులో కలవదన్న సంగతి అక్కడికి చేరాకే తెలిసింది. డిపాజిట్టు మనిషికి 1,000. సామాను కరెంటు పోయిన వేళ, గోనెసంచిలోంచి తీసి, సెల్‌ఫోను వెలుగులో ఇచ్చారు. పొద్దున చూసుకుని మార్చుకుంటామంటే, పొద్దున టైము ఉండదన్నారు. నిజంగానే ఉండనివ్వలేదు.

మైక్రోస్పైక్స్ ఎలా ఉండాలో చెబుతాను. బూటు అంచు చుట్టూ సాగే రబ్బరు పట్టీ, దానికి వేలాడే ఉక్కు గొలుసులు, అరికాలి కింద మొనదేలిన పళ్ళు. రబ్బరు బిగువుగా ఉండి పళ్ళు పదునుగా ఉంటేనే అవి గట్టి మంచులోకి దిగి కాలు నిలుపుతాయి. అక్కకు ఇచ్చినవి ఆమె పాదానికి రెండు సైజులు పెద్దవి. పది అడుగులు వేసేసరికి పళ్ళు పక్కకు తిరిగిపోయేవి. నావి అరిగి మొద్దుబారాయి. బావగారి గొలుసులో ఒక లంకెకు ముందే తీగ చుట్టి ఉంది.

కొత్తగా కురిసిన మంచులో నడవడం కష్టమే గానీ ప్రమాదం తక్కువ. దారిలో ముందు వచ్చే బేకల్‌తాల్ సరస్సు వైపు ఎక్కే బాట ఓక్, బురాంశ్ చెట్ల అడవిలోంచి పోతుంది. వందలమంది తొక్కి అణిచిన మంచు మధ్యాహ్నం కాస్త కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి, ఎండ తగలని మలుపుల్లో పాచి పట్టిన కోనేటి మెట్లలా తయారవుతుంది. అలాంటి ఒక మలుపులో బావగారి గొలుసు తెగింది. ఆయన కూర్చున్నపళంగా ఐదారు గజాలు జారి ఒక చెట్టు మొదలు దగ్గర ఆగారు. దెబ్బ తగల్లేదు గానీ ముఖం పాలిపోయింది. వెంటనే లేచి, "ఇది రసీదులో రాయాలి" అన్నారు. మా గైడు వాన్ గ్రామపు కుర్రవాడు. తన కాళ్ళవి విప్పి ఆయనకు తొడిగి, తాను మాత్రం మామూలు బూట్లతోనే మిగిలిన దారంతా నడిచాడు. ఫిర్యాదు సంస్థ మీదే గానీ ఆ పిల్లవాడి మీద కాదు. పాదం మొత్తం ఆనించి చిన్న అడుగులు వేయడం, దిగేటప్పుడు బాట నడుమ గట్టిపడిన చోటు వదిలి అంచున ఉన్న మెత్తని మంచులో మడమ గుచ్చడం అతడు నేర్పినవే.

బేకల్‌తాల్ చుట్టూ దట్టమైన అడవి, గట్టున నాగదేవత గుడి. అక్కడి గుడారాలకు, భోజనానికి పేరు పెట్టలేను. తిలాందీ దాటి శిఖరపు వెన్ను మీదకు ఎక్కాక దారి తేలికపడింది.

ఇక బ్రహ్మతాల్. పదివేల అడుగులు దాటిన ఎత్తున ఉన్న ఈ సరస్సు దగ్గర బ్రహ్మదేవుడు తపస్సు చేశాడని స్థానికుల నమ్మకం. సంస్థవారి ప్రకటనలో నీలపు నీళ్ళు ఉన్నాయి. మేము చూసింది మాత్రం చదునైన తెల్లని మైదానం. నీరు చూడాలనుకునేవారు ఫిబ్రవరిలో రాకూడదు, మంచు కరిగాకనో, శీతకాలం ముదరకముందో రావాలి. ఈ సంగతి డబ్బు కట్టించుకునే ముందు ఎవరూ చెప్పరు. సరస్సు మీదకు నడిచి ఫొటోలు దిగుతామన్న కొందరిని మా గైడు గట్టిగా ఆపాడు, అది సరైన పనే. బావగారు చేత్తో ఆచమనం చేయడానికి నీరు దొరక్క అలిగారు. అక్క మాత్రం గట్టున కూర్చుని లలితా సహస్రనామం మొత్తం చదివింది. ప్రయాణమంతా నలతగా ఉన్న మనిషి అక్కడి నుంచి మా ఇద్దరికంటే ముందు నడిచింది.

డబ్బుకు తగిన దృశ్యం సరస్సు దగ్గర కాదు, దానిపైన సుమారు 12,200 అడుగుల ఎత్తున ఉన్న శిఖరం మీద దొరికింది. ఎదురుగా 7,120 మీటర్ల త్రిశూల్, దాని పక్కన 6,309 మీటర్ల నందాఘుంటీ ఏ అడ్డూ లేకుండా నిలబడి ఉంటాయి. త్రిశూల్‌ను 1907లోనే బ్రిటిష్ పర్వతారోహకుడు లాంగ్‌స్టాఫ్ బృందం ఎక్కిందని నేను చెబితే, వాళ్ళకు స్పైక్స్ ఎవరు అద్దెకిచ్చారో కనుక్కోమన్నారు బావగారు.

దిగి వచ్చాక జరిగిన వాదన గంటసేపు సాగింది. తీగ చుట్టిన లంకెను నేను బయలుదేరే ముందే ఫొటో తీసి ఉంచాను. అది చూపించినా, సంస్థ పుస్తకంలో సామాను బాగున్నట్టు మేము సంతకం పెట్టామని ఒకటే మాట. బావగారి 1,000లో 300 చేతిలో పెట్టారు. కొత్త జత సుమారు 2,000 రూపాయలకు దొరుకుతుంది. అద్దె, కోత కలిపితే 1,300 వదిలింది. వెళ్ళేవారు సొంతంగా కొనుక్కుని, ఇంట్లోనే బూట్లకు తొడిగి చూసుకుని వెళ్ళడం మేలు.

ఆ రాత్రి సంస్థవారి బసలో ఉండబుద్ధి కాక, గైడు చూపించిన ఒక ఇంట్లో దిగాము. గది 1,200, భోజనం మనిషికి 200. ఇంటావిడ పొయ్యి పక్కనే పీటలు వేసి, మండువా రొట్టె, గహత్ పప్పు, నెయ్యి వడ్డించారు. మండువా అంటే రాగులు, గహత్ అంటే ఉలవలు. ఉడికించి మెత్తగా మెదిపి, అక్కడి అడవి పోపు గింజ జఖియాతో తాలింపు పెట్టిన ఆ పప్పులో చింతపండు పులుపు లేదు, మన ఉలవచారు చిక్కదనమూ లేదు. అయినా మొదటి ముద్దకే గుర్తుపట్టాము. తరువాత ఝంగోరా, అంటే ఊదలతో వండిన పరమాన్నం. ఊరు వదిలినప్పటి నుంచి అన్నం సరిగా ముట్టని అక్క మూడు రొట్టెలు తిన్నది. బావగారు మారు అడిగి, చివరికి ఇంటావిడ వద్దంటున్నా లెక్కకు మించి వంద రూపాయలు పెట్టి, ఆ వందను పుస్తకంలో 'మైక్రోస్పైక్స్ మీద మిగులు' అని రాశారు. ప్యాకేజీలో కలిపిన బస వదులుకున్నా సరే, ఇలాంటి ఇంట్లోనే దిగండి.

తిరిగి వచ్చేటప్పుడు ఋషీకేశ్ వైపు పోకుండా గ్వాల్దమ్, కౌసానీ, అల్మోడాల మీదుగా కాఠ్‌గోదామ్ చేరి, రాత్రి రైలులో ఢిల్లీ వచ్చాము. జీపుకు మనిషికి 1,600 అయింది. ఢిల్లీ మీదుగా వెళ్ళే తెలుగువారికి, ముఖ్యంగా మలుపులు పడనివారికి, రాకపోకలు రెండూ ఈ దారినే పెట్టుకోమని అక్క సలహా.