విగ్రహమా, గ్రాంటా, హాలా? నగరం డబ్బు ఎక్కడ పెడితే స్థానిక కళలకు మేలు

శాన్ ఫ్రాన్సిస్కో నగర ప్రభుత్వంలో ఆర్ట్స్ కమిషన్ అనే శాఖ 1932 నుంచీ ఉంది. ఆ నగరం చుట్టూ ఉన్న బే ఏరియాలో ప్రతి వారాంతం పిల్లల్ని కూచిపూడి క్లాసుకీ సంగీతం క్లాసుకీ తిప్పే మనవాళ్లను అడిగితే చాలామందికి ఆ పేరే తెలియదు, తెలిసినవాళ్లు కూడా ఎయిర్‌పోర్టులో బొమ్మలు పెట్టే ఆఫీసు కదా అంటారు. బొమ్మలు పెట్టడం వాళ్ల పనుల్లో ఒకటి మాత్రమే. ఆ నగరం కళలను ఆదుకునే దారులు నాలుగున్నాయి: ప్రభుత్వ భవనాల ఖర్చులో కళకు వాటా తీయడం, గ్రాంట్లు ఇవ్వడం, పేటల్లో కళా కేంద్రాలు నడిపించడం, వీధిలో అమ్ముకునే కళాకారులకు లైసెన్సులు ఇవ్వడం. ఈ నాలుగింటిలో నా ఓటు కళా కేంద్రాలకే. ఎందుకో చెప్తాను, మిగతావాటి గొప్పతనం తగ్గించకుండానే.

ముందు భవనాల వాటా సంగతి. ఈ పద్ధతిని అమెరికాలో 1959లో ఫిలడెల్ఫియా మొదలుపెడితే, శాన్ ఫ్రాన్సిస్కో 1969లో చట్టం చేసింది. నగరం కట్టే భవనం నిర్మాణ ఖర్చులో 2 శాతం కళకు పోవాలి. పది కోట్ల డాలర్ల భవనమైతే ఇరవై లక్షలు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఏటా బడ్జెట్‌లో చెయ్యి చాచి అడగక్కర్లేదు, బిల్డింగ్ లేస్తే డబ్బు లేస్తుంది. మ్యూజియం గడప తొక్కని మనిషి కూడా లైబ్రరీకో ఆసుపత్రికో ఎయిర్‌పోర్టుకో వచ్చినప్పుడు మంచి చిత్రం ముందు ఒక్క నిమిషం ఆగుతాడు. నాకు అది చాలా ఇష్టమైన విషయం. కానీ ఈ డబ్బు ఎవరి చేతికి పోతుందో చూడండి. కంచు పోత పోయించాలి, స్టీలు ఫ్రేముకు ఇంజినీరు సంతకం కావాలి, ఇన్సూరెన్స్ కట్టాలి, క్రేన్ తెప్పించి నిలబెట్టాలి, ఇవన్నీ ఆ మొత్తంలోంచే. అంత పెద్ద పని మీదేసుకోగల శిల్పులు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే. నాట్యం చేసేవాళ్లకీ, పాడేవాళ్లకీ, కవులకీ ఇందులోంచి వచ్చేది దాదాపు ఏమీ లేదు.

పైగా నగరమంతా చూసే పని కాబట్టి ఎంపిక దగ్గరే గొడవలు మొదలవుతాయి. నల్లజాతి కవయిత్రి మాయా ఏంజెలో స్మారకం కథే తీసుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలో స్త్రీల విగ్రహాలు మరీ తక్కువని, మెయిన్ లైబ్రరీ దగ్గర ఆమె స్మారకం పెట్టాలని నగరం నిర్ణయించింది. ఎంపిక ప్యానెల్ లావా థామస్ అనే కళాకారిణి డిజైన్‌ను మెచ్చింది, నిలువెత్తు పుస్తకం మీద ఏంజెలో ముఖం. 2019లో నగరం మాత్రం మామూలు పద్ధతిలో మనిషి విగ్రహమే కావాలని దాన్ని వెనక్కి లాగి, మొత్తం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. విమర్శలు గట్టిగా వచ్చాక 2020లో కమిషన్ ఆ కళాకారిణికి క్షమాపణ చెప్పి పని ఆమెకే అప్పగించింది. ఆవిష్కరణ జరిగింది 2024లో. ఎంతో అందమైన పని అది, కంచు పుస్తకంలోంచి ఏంజెలో మనల్ని సూటిగా చూస్తున్నట్టే ఉంటుంది. అయినా ఒక కళాకారిణి జీవితంలో అయిదేళ్లు ఇలా ఊగిసలాటలో గడవడం న్యాయం కాదు, అన్నేళ్లు తట్టుకునే ఓపిక అందరికీ ఉండదు.

ఇక గ్రాంట్లు. ఇక్కడ రెండు జేబులున్నాయి, రెండూ నగరానివే. మొదటిది హోటల్ పన్ను మీద 1961లో మొదలైన గ్రాంట్స్ ఫర్ ది ఆర్ట్స్, ఇది వేరే ఆఫీసు, సంస్థలకు ఏటా నిర్వహణ ఖర్చులకు ఇస్తుంది. (మన రవీంద్రభారతి తలుపులు తెరుచుకున్నదీ అదే 1961లో.) రెండోది ఆర్ట్స్ కమిషన్ చేతిలో ఉన్న కల్చరల్ ఈక్విటీ గ్రాంట్లు, 1993 చట్టంతో వచ్చినవి. పెద్ద ఆపెరాలూ సింఫనీలూ ఎలాగైనా దాతలను సంపాదించుకుంటాయి, నల్లజాతి, లాటినో, ఆసియా కళాకారుల చిన్న బృందాలకు ఆ దారి లేదు కాబట్టి వాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టారు. హోటల్ పన్ను ఆదాయంలో కొంత భాగాన్ని కళలకే కట్టెయ్యాలని 2018లో ఓటర్లే ఓటు వేసి గెలిపించారు.

గ్రాంటు మేలు ఏంటంటే అది మనిషి దగ్గరికి వస్తుంది. డాన్సరుకు, రచయితకు, డోలు వాయించేవాడికి. హోటల్ పన్ను డబ్బుతోనే 1978లో ఎత్నిక్ డాన్స్ ఫెస్టివల్ మొదలైంది, మన కూచిపూడి కూడా ఆ వేదిక ఎక్కింది, వేరే వేరే దేశాల నాట్యాలతో పాటు సమానంగా. మన కళను మనవాళ్ల ఉగాది ఫంక్షన్‌లో మనమే చూసుకుని చప్పట్లు కొట్టుకోవడానికీ, ఊరంతా టికెట్ కొనుక్కుని వచ్చి చూడటానికీ చాలా తేడా ఉంది.

కానీ దరఖాస్తు నింపడం ఒక పెద్ద పని. బడ్జెట్ పేజీలో ఖర్చు ఒకవైపు, రాబడి ఒకవైపు, రెండూ డాలరుతో సహా సరిపోవాలి, లైట్ల ఆయన సమయానికీ మేకప్ ఆవిడ సమయానికీ విలువ కట్టి రాయాలి, వీడియోలు పంపాలి, మీ బృందానికి లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ హోదా ఉన్న ఇంకో సంస్థను అండగా చూపించాలి, వాళ్లు తమ వంతు కొంత శాతం తీసుకుంటారు. ఇంగ్లీషు బాగా రాసే కొడుకో కూతురో ఉన్న గురువుగారికి దారి దొరుకుతుంది, ముప్ఫై ఏళ్లుగా పాఠం చెప్తున్నా దరఖాస్తు భాష రాని గురువుగారు వరుసలో వెనకే ఉండిపోతారు. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. పైగా 2020లో కోవిడ్‌తో హోటళ్లు ఖాళీ అయితే హోటల్ పన్నూ పడిపోయింది, సరిగ్గా స్టేజీలన్నీ మూతపడి కళాకారులకు డబ్బు అత్యవసరమైన రోజుల్లోనే.

ఇప్పుడు హాళ్లు, అంటే పేటల్లోని కళా కేంద్రాలు. 1967లో ఆర్ట్స్ కమిషన్ పేటల కళా కార్యక్రమం ఒకటి పెట్టింది, ఆ ఊపులోంచి వచ్చినవే ఈ కేంద్రాలు. దక్షిణాన నల్లజాతి వాళ్లు ఎక్కువగా బతికిన పేటలో 1888 నాటి బేవ్యూ ఆపెరా హౌస్, మిషన్ పేటలో లాటినో కళల కేంద్రం, ఫుల్టన్ వీధిలో ఆఫ్రికన్ అమెరికన్ కళా సముదాయం, బ్రానన్ వీధిలో సోమార్ట్స్. భవనం నగరానిది, నడిపేది ఆ పేటవాళ్ల సంస్థ. మిషన్ కేంద్రంలో స్క్రీన్ ప్రింటింగ్ బల్లల మీద పేట ఉద్యమాల పోస్టర్లు అచ్చయ్యాయి, సోమార్ట్స్‌లో ఏటా మెక్సికన్ల మృతుల పండగకు చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కళాకారులు పూజా వేదికలు అలంకరిస్తారు. ఎవరూ అయిదు పేజీల దరఖాస్తు రాయక్కర్లేదు, తలుపు తోసుకుని లోపలికి వెళ్తే చాలు.

కళకు నేల కావాలి, మాటవరసకు కాదు, నిజంగానే నేల. కూచిపూడి అడుగులు గరాజ్‌లో కాంక్రీటు మీద వేయిస్తే పదిహేనేళ్ల పిల్లకే మోకాళ్ల నొప్పులు వస్తాయి, కింద కాస్త ఊగే చెక్క ఫ్లోరు ఉండాలి. గజ్జెల చప్పుడుకు పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారని టీచర్లు పిల్లలకు గజ్జెలు లేకుండానే ప్రాక్టీసు చేయిస్తుంటారు. స్కూలు ఆడిటోరియం గంటల లెక్కన అద్దెకు తీసుకుంటే ప్రోగ్రాం ఖర్చులో పెద్ద ముక్క అక్కడే పోతుంది. గ్రాంటు వచ్చినా దాంట్లో చాలా భాగం హాలు యజమానికే కట్టాలి కదా, అలాంటప్పుడు నగరమే హాలు ఇస్తే సగం సమస్య తీరినట్టే. సినిమా పాట డాన్సైనా శాస్త్రీయ నృత్యమైనా జానపదమైనా అదే గదిలో నేర్పొచ్చు. హైదరాబాద్‌లో కూడా నాకు ఇదే అనిపిస్తుంది, రవీంద్రభారతి లాంటి పెద్ద వేదిక ఉండటం వేరు, బస్తీలో సాయంత్రం ఆరింటికి రిహార్సల్‌కు ఒక గది దొరకడం వేరు.

హాళ్లకూ కష్టాలున్నాయి, దాచను. పాత భవనాలు, భూకంపాల ఊరు, గోడలు పటిష్ఠం చేయాలంటే కేంద్రం ఖాళీ చేయాల్సిందే, ఆ సమయంలో నడిపే సంస్థ ఎక్కడ తల దాచుకోవాలి, జీతాలు ఎలా ఇవ్వాలి అన్నది పెద్ద టెన్షన్. బేవ్యూ ఆపెరా హౌస్ మరమ్మతులు ముగించుకుని 2016లో మళ్లీ తెరుచుకుంది, అది చూస్తే ఓపిక పడితే ఫలితం ఉంటుందనిపిస్తుంది.

వీధి లైసెన్సుల గురించి నాలుగు మాటలు. 1972 నుంచి ఉన్న పద్ధతి. నగలు, తోలు పని, బొమ్మలు చేసేవాళ్లు తమ వస్తువు తామే చేశామని పరీక్షకుల ముందు నిరూపించుకుంటే లైసెన్స్ వస్తుంది, తర్వాత టూరిస్టులు తిరిగే ఫిషర్‌మెన్స్ వార్ఫ్ లాంటి చోట్ల లాటరీలో ఏ జాగా వస్తే అక్కడ బల్ల వేసుకోవాలి. నగరానికి పెద్ద ఖర్చు లేదు, ఫ్యాక్టరీ సరుకు తెచ్చి చేతిపని అని అమ్మేవాళ్లను అడ్డుకుంటుంది. ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకు మన టూరిస్టు ఊళ్లలో ఇలాంటిది ఉంటే ఎంత బావుండును. కాకపోతే ఇది చేతిలో అమ్మే వస్తువు ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

కాబట్టి నగరం దగ్గర కొత్తగా కొంచెం డబ్బే ఉంటే నేనైతే ముందు చెక్క ఫ్లోరున్న గదులు అడుగుతాను, తర్వాత చిన్న గ్రాంట్లు, వాటితో పాటు దరఖాస్తు నింపడంలో సాయం చేసే మనిషిని. భవనాల వాటా చట్టం ఎలాగూ నడుస్తుంది, దాన్ని కదపొద్దు. ఫ్రీమాంట్, శాన్ హోజే, సన్నీవేల్‌లలో ఉన్న మన డాన్స్ టీచర్లూ తల్లిదండ్రులూ మీ మీ నగరాల బడ్జెట్ హియరింగ్‌లకు పదిమందైనా కలిసి వెళ్లండి, మైక్ దగ్గర ఒక్కొక్కరికి దొరికేది ఒకటి రెండు నిమిషాలే, ఆ కాస్త టైములో మన సంస్కృతి గొప్పతనం గురించి కాకుండా సాయంత్రాలు ఖాళీగా ఉండే కమ్యూనిటీ సెంటర్ గది ఏదో దాని పేరు చెప్పి, వారానికి ఎన్ని గంటలు కావాలో అడగండి.