ఎన్‌పీటీఈఎల్: బీటెక్‌లో వాడాక నా సమీక్ష

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ పేరు వినని ఇంజినీరింగ్ విద్యార్థి ఉండడు. కానీ ఒక్క కోర్సయినా మొదటి వీడియో నుంచి చివరి వీడియో దాకా చూసినవాళ్లు క్లాసుకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. నేను బీటెక్ రెండో ఏడాదిలో మొదలుపెట్టి, ఉద్యోగంలో చేరాక కూడా వాడుతూనే ఉన్నాను. నాది ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. కౌన్సెలింగ్‌లో నా ర్యాంకుకు వచ్చిన ఓ మామూలు ప్రైవేటు కాలేజీ, పేరు అనవసరం. ఆ కాలేజీలో దొరకనిది ఇక్కడ ఎంత దొరికింది, ఏది దొరకలేదు అన్నది రాస్తున్నాను. కాలేజీ వెతుక్కుంటున్నవాళ్లకు రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో దీన్ని మొదలుపెట్టాయి. ఖర్చు కేంద్ర ప్రభుత్వానిది. మొదట్లో వీడియో పాఠాలే ఉండేవి. 2014 నుంచి పరీక్ష, సర్టిఫికెట్ వచ్చాయి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ ‘స్వయం’ ద్వారా ఏడాదికి రెండు సెమిస్టర్లు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి నడుస్తాయి. కోర్సులు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలవి. చేరడం, వీడియోలు చూడడం, అసైన్‌మెంట్లు చేయడం అంతా ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు. నేను రాసిన రోజుల్లో కోర్సుకు వెయ్యి రూపాయలు ఉండేది. పరీక్ష మాత్రం ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లాలి.

మార్కుల పద్ధతి నాకు నచ్చింది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సయితే బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు, ఎనిమిది వారాలదయితే ఆరింటిని. అంటే మిడ్ పరీక్షల వారంలో ఒకటి ఎగ్గొట్టినా కొంప మునగదు. సర్టిఫికెట్ రావాలంటే 25కి పది, 75కి ముప్పై విడివిడిగా తెచ్చుకోవాలి. మొత్తం వందకు అరవై వస్తే ఎలైట్, 75 వస్తే సిల్వర్, 90 వస్తే గోల్డ్ అని సర్టిఫికెట్ మీద పడుతుంది. అసైన్‌మెంట్లలో పాతికకు పాతిక తెచ్చుకుని, పరీక్ష హాల్లో ముప్పై రాక తెల్లమొహం వేసినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు.

ఇక పాఠాల సంగతి. నన్ను దీనికి కట్టిపడేసింది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పే పైథాన్, డేటా స్ట్రక్చర్ల కోర్సు. ఎనిమిది వారాలది. ప్రోగ్రామింగ్ అంటే మాకు అప్పటికి తెలిసింది రికార్డులో ఎక్కించాల్సిన కోడ్ అని మాత్రమే. ఈయన గసాభాతో మొదలుపెడతారు, అంటే చిన్నప్పుడు నేర్చుకున్న గరిష్ఠ సామాన్య భాజకం. ముందు రెండు సంఖ్యల భాజకాలన్నీ రెండు జాబితాలుగా రాయించి, ఉమ్మడిగా ఉన్నవాటిలో పెద్దది తీయిస్తారు. తర్వాత, అసలు జాబితాలు ఎందుకు, ఒక్కో సంఖ్యతో రెండింటినీ భాగించి చూస్తూ పోతే సరిపోదా అంటారు. మనకు కావాల్సింది పెద్దదే అయినప్పుడు ఒకటి నుంచి పైకి ఎక్కడం దేనికి, చిన్న సంఖ్య దగ్గర మొదలుపెట్టి కిందికి దిగొచ్చు కదా అంటారు. అన్నీ అయ్యాక యూక్లిడ్ పద్ధతి: పెద్దదాన్ని చిన్నదానితో భాగించు, శేషం పట్టుకో, మళ్లీ భాగించు. కోట్లలో ఉన్న సంఖ్యకైనా కొద్ది అడుగుల్లో జవాబు వచ్చేస్తుంది. నాలుగు ప్రోగ్రాములూ సరైనవే, ఇచ్చే జవాబూ ఒకటే. అయినా ఒకదానికీ ఇంకోదానికీ ఎంత తేడా ఉందో కళ్ల ముందే కనిపిస్తుంది. అల్గారిథమ్ అంటే ఏమిటో నాకు ఆ వారంలో అర్థమైంది. సెమిస్టర్ మొత్తం డిక్టేషన్ రాసుకున్నా అది అర్థం కాలేదు.

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. కొన్ని కోర్సుల్లో స్లయిడ్ తెరపై పెట్టి చదువుతూ పోతారు. పాత వీడియోల్లో ఆడియో సరిగా వినపడదు. అందుకే కోర్సు పేరు చూసి చేరొద్దు. యూట్యూబులో అదే ప్రొఫెసర్ పాఠాలు రెండు ముందు చూడండి. నిద్ర రాకపోతే చేరండి. ఐఐటీ మద్రాస్ నాగేంద్ర కృష్ణపుర గారి బేసిక్ ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ నేను అలా దొరకబుచ్చుకున్నదే. మా కాలేజీలో అదే సబ్జెక్టు నడుస్తున్నప్పుడే దాన్నీ చూశాను. ఒక దెబ్బకు రెండు పిట్టలు అంటారే, అలాగ. యూనివర్సిటీ పరీక్షకు వేరే తయారీ పెద్దగా అవసరం రాలేదు. మూడో ఏడాది నుంచి నేను పెట్టుకున్న నియమం ఇదే: సెమిస్టర్‌కి ఒక్క కోర్సు, అదీ అప్పుడు చదువుతున్న సబ్జెక్టుదే. రెండు మూడు పెట్టుకుంటే ఆరంభశూరత్వమే మిగులుతుంది.

తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లకు ఒక మాట. చాలా కోర్సుల పాఠాలు అక్షర రూపంలో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఆ తెలుగు కొన్నిచోట్ల తడబడుతుంది. అయినా ఇంగ్లిష్ ఉచ్చారణ అందక మొదటి వారంలోనే మానేసే మా రూమ్మేట్ లాంటివాళ్లను అది నిలబెట్టింది.

ఇప్పుడు చిరాకులు. అసైన్‌మెంట్లలో ఎక్కువ భాగం బిట్లే. గడువుకు ముందే జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. మా కాలేజీలో అయితే ‘అందరూ రిజిస్టర్ అవ్వాలి’ అని సర్క్యులర్ వచ్చేది. ఎందుకో తర్వాత అర్థమైంది: ఇలాంటి ఆన్‌లైన్ కోర్సులు పూర్తిచేసిన విద్యార్థుల సంఖ్య కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ అక్రెడిటేషన్‌కి పంపే నివేదికలో చూపించుకునే అంశం. క్లాసు మొత్తానికి ఒకే కోర్సు, ఒకడు చేసిన జవాబులే అందరివీ, గడువు రోజు రాత్రి పదకొండున్నరకు హాస్టల్ వైఫై మీద అందరూ ఒకేసారి పడటం. కోర్సు ఎంత మంచిదైనా అలా చేస్తే తూతూమంత్రమే.

క్రెడిట్ల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. స్వయం కోర్సుల ద్వారా సెమిస్టర్ క్రెడిట్లలో 20 శాతం దాకా తీసుకోవచ్చని యూజీసీ 2016లో చెప్పి, 2021లో దాన్ని 40 శాతానికి పెంచింది. కానీ కాలేజీ, యూనివర్సిటీ తమ రెగ్యులేషన్స్‌లో పెట్టుకుంటేనే అది మన మెమోలోకి వస్తుంది. నోటిమాట నమ్మొద్దు.

ఇక ఇది ఇవ్వలేనిది. ల్యాబ్‌లో ఆర్‌సీ కపుల్డ్ యాంప్లిఫయర్, అంటే సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్, చేస్తున్నాం. సర్క్యూట్ సరిగ్గానే ఉంది, లెక్క సరిగ్గానే ఉంది, సిగ్నల్‌ను తెర మీద చూపే సీఆర్‌ఓలో అవుట్‌పుట్ మాత్రం రావాల్సిన దాంట్లో పదో వంతు చూపిస్తోంది. బ్యాచ్ అంతా ట్రాన్సిస్టర్ మార్చడంలో పడ్డాం. ల్యాబ్ అసిస్టెంట్ గారు వచ్చి, ఏమీ మాట్లాడకుండా ప్రోబ్ మీదున్న చిన్న స్విచ్‌ని పది ఎక్స్ నుంచి ఒకటి ఎక్స్‌కి జరిపారు. అంతే, వేవ్‌ఫామ్ లేచి నిలబడింది. పది ఎక్స్‌లో ఉంటే ప్రోబ్ సిగ్నల్‌ని పదో వంతుకు తగ్గిస్తుంది, ముందు బ్యాచ్ వాళ్లు అలా వదిలేసి వెళ్లారట. ‘ఇది రోజూ ఉండేదే’ అని వెళ్లిపోయారాయన. ఆ స్విచ్ గురించి పాఠాల్లో ఉంటే ఉండొచ్చు. కానీ అది తెలిసిన మనిషి పక్కన ఉండటం వేరు. ప్రాజెక్టు కోసం సాయంత్రం ఆరు తర్వాత ల్యాబ్ తాళం అడిగితే ఇచ్చేవాళ్లు ఉండటం, రాసిన కోడ్ చూసి తిట్టే సీనియర్ ఉండటం కూడా ఏ పోర్టల్లోనూ దొరకవు. కోర్సు ఫోరమ్‌లో సందేహం అడిగితే టీఏలు (ప్రొఫెసర్‌కి సాయంగా ఉండేవాళ్లు) జవాబిస్తారు, నిజమే. మరుసటి రోజుకి వస్తే అదృష్టం.

అందుకే మా చిన్నాన్న కూతురు ఈ ఏడాది ఏ కాలేజీ పెట్టుకోవాలన్నయ్యా అని అడిగినప్పుడు, ఫ్యాకల్టీలో ఎంతమంది పీహెచ్‌డీలు, స్మార్ట్ బోర్డులు ఉన్నాయా అని అడగొద్దన్నాను. మంచి పాఠం ఎలాగూ ఉచితంగా దొరుకుతుంది. వీడియోలో దొరకని వాటికే ఫీజు కడుతున్నట్టు లెక్క. కాబట్టి ఫైనల్ ఇయర్ వాళ్లను పట్టుకుని అడుగు: ల్యాబ్‌లో ఒక్కో కిట్ దగ్గర ఎంతమంది నిలబడతారు? పనిచేసే సీఆర్‌ఓలు ఎన్ని? లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు? మినీ ప్రాజెక్టు మీరే చేశారా, బయట కొన్నారా? చివరి ప్రశ్నకు వాళ్లు నవ్వారంటే జవాబు వచ్చేసినట్టే. బ్రోచర్లో ఉన్న ప్లేస్‌మెంట్ ఫొటోలకంటే ఇదే నమ్మదగినది. కాలేజీలో ఎన్‌పీటీఈఎల్ లోకల్ చాప్టర్ (కాలేజీలో ఈ కోర్సుల వ్యవహారం చూసే విభాగం) ఉందా, క్రెడిట్లు నిజంగా మెమోలో వేశారా అని కూడా అడగమన్నాను. అవకాశం ఉంటే ఎవరిదైనా మెమో చూపించమను అన్నాను. చిన్నాన్నకి మాత్రం ఇంటికి దగ్గరా కాదా అన్నదే అసలు ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, ఇంటర్వ్యూల్లో నా సర్టిఫికెట్లు ఎవరూ తిప్పి చూడలేదు. రెజ్యూమెలో కోర్సు పేరు చూసి దాని మీద ప్రశ్న వేసినవాళ్లు ఉన్నారు. సిల్వర్ వచ్చిన కోర్సు మీద జవాబు చెప్పలేకపోతే పరువు పోతుంది కనుక, చదవనిది రెజ్యూమెలో పెట్టకండి. ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసేవాళ్లకు కాన్సెప్టుల వరకు బాగుంటుంది, లెక్కల వేగానికి పాత పేపర్లే దిక్కు. నెల రోజుల్లో ఉద్యోగం తెచ్చే స్కిల్ కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. నేనిప్పుడు పరీక్ష ఫీజు కట్టడం మానేశాను, వీడియోలు, అసైన్‌మెంట్లు మాత్రం చేస్తాను. విద్యార్థులైతే కట్టండి. పరీక్ష ఉందన్న టెన్షన్ లేకపోతే ఐదో వారం దాటడం కష్టం. రిజిస్టర్ చేసేటప్పుడు పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే కొట్టండి, సర్టిఫికెట్ మీద అదే పడుతుంది.