పాలిమర్‌లో అణువుల కదలిక చూడాలంటే ఈఎస్ఆరా, డైఎలక్ట్రికా? ఏది మేలు?

పాలీస్టైరీన్ ముక్కలోనో, గాజులా గట్టిపడుతున్న గ్లిజరాల్‌లోనో అణువులు ఎంత వేగంగా తిరుగుతున్నాయో తెలుసుకోవడానికి చాలా పద్ధతులున్నాయి గానీ, ఇక్కడ రెండే పోలుస్తాను. ఒకటి ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్, అదే ఈఎస్ఆర్ (రక్తపరీక్షలో వచ్చేది కాదు లెండి), అయస్కాంత క్షేత్రంలో జతలేని ఎలక్ట్రాన్లు మైక్రోవేవ్‌లను పీల్చుకోవడాన్ని చూసేది. రెండోది డైఎలక్ట్రిక్ స్పెక్ట్రోస్కోపీ, మారుతుండే విద్యుత్ క్షేత్రానికి ద్విధ్రువాలు (ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్ ఉన్న అణుభాగాలు) ఎలా స్పందిస్తాయో చూసేది. డీఎస్‌సీ (పదార్థాన్ని వేడిచేస్తూ అది పీల్చుకునే వేడిని కొలిచే పద్ధతి) గాజుగా మారే ఉష్ణోగ్రత చెప్పి ఊరుకుంటుంది, దాన్ని వదిలేద్దాం.

ఎంత విస్తారంగా చూడగలం అన్నదే లెక్కైతే డైఎలక్ట్రిక్‌దే పైచేయి. మైక్రోహెర్ట్‌జ్ నుంచి గిగాహెర్ట్‌జ్ దాకా పోవచ్చు. 9.5 గిగాహెర్ట్‌జ్ దగ్గర నడిచే మామూలు ఈఎస్ఆర్ సుమారు 10 పికోసెకన్ల నుంచి 100 నానోసెకన్ల మధ్య కదలికలకే స్పందిస్తుంది. కాబట్టి గ్లిజరాల్ లాంటి ధ్రువ ద్రవమైతే ముందు డైఎలక్ట్రిక్కే చేయండి, ఆలోచించక్కర్లేదు.

పాలిథిలీన్ దగ్గరకొచ్చేసరికి కథ మారిపోతుంది. దానికి ద్విధ్రువాలు దాదాపు లేవు, అందుకే డైఎలక్ట్రిక్‌కి ఏమీ కనిపించదు, కనిపించాలంటే కొద్దిగా ఆక్సీకరించి ద్విధ్రువాలు తగిలించాలి. ఈఎస్ఆర్‌కి ఆ గొడవ లేదు. టెంపో అనే నైట్రాక్సైడ్ రాడికల్‌ని అతి కొద్దిగా కలిపితే చాలు, దానిలోని జతలేని ఎలక్ట్రానే సిగ్నల్ ఇస్తుంది. చకచకా తిరుగుతుంటే మూడు సన్నని గీతలు, చల్లబరుస్తూ పోతే అవి వెడల్పై, రెండు చివరి శిఖరాల మధ్య దూరం 60 గాస్ (అయస్కాంత క్షేత్రానికి కొలమానం) దాటుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేదేమిటంటే, బ్లెండ్‌లోనో (రెండు పాలిమర్ల మిశ్రమం), సగం స్ఫటికంగా ఉన్న పాలిమర్‌లోనో కొన్ని ప్రోబ్‌లు (అంటే మనం కలిపిన టెంపో లాంటి రాడికల్ అణువులు) వేగంగా, కొన్ని నెమ్మదిగా తిరుగుతుంటే రెండు రకాలూ ఒకే స్పెక్ట్రంలో ఒకదానిమీద ఒకటి పడి కనిపించడం, ఇది డైఎలక్ట్రిక్ వక్రరేఖలో అంత తేలిగ్గా దొరకదు.

కానీ ఈఎస్ఆర్‌లో చూస్తున్నది అతిథి (ప్రోబ్) కదలిక, ఇంటివాళ్లది (పాలిమర్ గొలుసులది) కాదు. టెంపో చిన్నది, గొలుసులు దాదాపు బిగుసుకుపోయాక కూడా తన ఖాళీలో తాను తిరుగుతూనే ఉంటుంది. పెద్ద ప్రోబ్ వేస్తే గొలుసు కదలికకు కాస్త దగ్గరవుతాం, గొలుసుకే రసాయనికంగా అతికిస్తే ఇంకా దగ్గరవుతాం, అయితే ఆ సింథసిస్‌కి ఓపిక కావాలి. ఇంకో చిక్కు, శిఖరాల దూరం 50 గాస్‌కి తగ్గే ఉష్ణోగ్రతను టీ50జీ అంటారు, కొందరు దాన్నే గ్లాస్ ట్రాన్సిషన్ అనేసుకుంటారు. అది సాధారణంగా డీఎస్‌సీ విలువకన్నా బాగా పైనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ చూసేది నానోసెకన్ల కదలిక, డీఎస్‌సీ చూసేది సుమారు 100 సెకన్లది.

అందుకే ధ్రువత్వం లేని పాలిమర్‌కీ, బ్లెండ్‌కీ నా ఓటు ఈఎస్ఆర్‌కే, కనీసం రెండు సైజుల ప్రోబ్‌లతో. ఒక్క టెంపోతో స్పెక్ట్రం తీసి పాలిమర్ గొలుసు వేగం ఇదీ అని రాస్తే మాత్రం నేను నమ్మను.