హెచ్‌డి 600, వెయ్యి రూపాయల డాంగిల్, ఫియో కె7: ముందు ఏది కొనాలి

రోజుకి పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. పగలంతా మీటింగులు, రాత్రి భోంచేశాక గంటా గంటన్నర పాటలు. ఎక్కువగా కర్ణాటక కచేరీలు, ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు వింటాను. హెచ్‌డి 600 హెడ్‌ఫోన్, చిన్న డాంగిల్, డాక్, ఆంప్ రెండూ ఒకే పెట్టెలో ఉండే ఫియో కె7, వీటిని ఏడాది పైగా వాడాక ఇది రాస్తున్నాను, ఎందుకంటే "హెడ్‌ఫోన్ కొనాలా, ఆంప్ కొనాలా, డాక్ అంటే ఏంటి" అని ఆఫీసులో ఇప్పటికి నలుగురు అడిగారు, నలుగురికీ ఫోన్లో సగం సగం చెప్పాను.

అసలు గొడవ హెడ్‌ఫోన్‌తో మొదలవలేదు. నా పాత సీపీయూ ముందు జాక్‌లో ఏది పెట్టినా వెనకాల సన్నగా జిర్ర్‌మనేది, మౌస్ కదిపితే ఆ జిర్ర్ కూడా దాంతో పాటు కదిలేది. సినిమా చూస్తుంటే పట్టించుకోం గానీ కచేరీలో గాయకుడు ఒక స్వరం మీద నిలబడి, కింద తంబూరా ఒక్కటే వినబడుతున్నప్పుడు ఆ రొద వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక దుకాణంలో అడిగితే "మంచి ఆంప్ పెట్టండి సార్, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. సర్దుకోవు. ఆంప్ అంటే సిగ్నల్‌ని పెంచే పెట్టె, దాన్ని అదే జాక్‌కి తగిలిస్తే పాటతో పాటు రొదని కూడా పెంచి పెడుతుంది. మదర్‌బోర్డు నుంచి ముందు ప్యానెల్ దాకా వచ్చే సన్నటి ఆడియో వైరు చాలా కేబినెట్లలో గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచే వస్తుంది, దాని రొదంతా ఆ వైరు పట్టుకుంటుంది. మందేంటంటే, డిజిటల్ అంకెల్ని శబ్దంగా మార్చే పనిని, అంటే డాక్ పనిని, డబ్బా బయటికి తెచ్చుకోవడం. యూఎస్‌బీ పోర్టుకి పెట్టే, లోపల డాక్ ఉన్న ఏ చిన్న డాంగిలైనా ఆ పని చేస్తుంది. నేను వెయ్యి రూపాయల చుట్టూ ఉండే ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ తెచ్చి పెట్టాను. ఆ రాత్రే జిర్ర్ పోయింది.

తర్వాత హెడ్‌ఫోన్. క్లోజ్డ్ బ్యాకా, ఓపెన్ బ్యాకా అన్నది ముందు తేల్చుకోవాలి, బ్రాండు సంగతి ఆ తర్వాత. క్లోజ్డ్ అంటే చెవి చుట్టూ మూత వేసినట్టు ఉంటుంది, బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఆ బాపతు, రెండూ గట్టివే. కానీ హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో అరగంట పెట్టుకుని చూడండి, చెవుల చుట్టూ చెమట కారుతుంది. ఓపెన్ బ్యాక్‌కి వెనక జాలీ ఉంటుంది, గాలి ఆడుతుంది, శబ్దం కూడా చెవిలో ఇరుక్కుపోయినట్టు కాకుండా తల చుట్టూ విచ్చుకుంటుంది. దానికి బదులుగా మన ఇళ్లలో ఉండే చిక్కు సీలింగ్ ఫ్యాన్. అది ఐదులో తిరుగుతుంటే ఆ హోరు నేరుగా చెవిలోకి వస్తుంది, నేను రెండుకి తగ్గించుకుంటాను. రెండో చిక్కు పక్కవాళ్లు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, నా పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటుంది. మొదటి రోజే "నాన్నా, ఆ వయొలిన్ నాక్కూడా వినిపిస్తోంది" అంది. ఒకే గదిలో నిద్రపోయేవాళ్లు, చదువుకునేవాళ్లు ఉంటే ఓపెన్ బ్యాక్ జోలికి పోకండి, అంతే.

నేను తీసుకున్నది సెన్‌హైజర్ హెచ్‌డి 600. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని గొప్పతనం మనిషి గొంతులో తెలుస్తుంది. గాయకుడు పల్లవి ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి, వయొలిన్ కమాను దిశ మారేటప్పుడు తీగ మీద వచ్చే ఆ చిన్న గరుకు, మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద గుంకీ నాదం సాగుతూ పైకి లేవడం, ఇవన్నీ విడివిడిగా, ఒకదాన్నొకటి తోసుకోకుండా వినబడతాయి. పాత సినిమా పాటల సంగతి వేరు. అవి మోనోలో రికార్డు చేసినవి కాబట్టి ఏ హెడ్‌ఫోన్‌లో విన్నా శబ్దం తల మధ్యలోనే కూర్చుంటుంది, టేపు బుస కూడా స్పష్టంగా వినబడుతుంది. ఆ బుస వెనకాల ఆ గొంతు ఎంత దగ్గరగా ఉందో మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇక లేనివి. బాగా లోతైన బేస్ తక్కువ. 50 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ తగ్గుతూ పోతుంది, ఇప్పటి సినిమా పాటల్లో కంప్యూటర్ మీద చేసిన ఆ కింది గుమ్ము కావాలనుకునేవాళ్లకి వెలితిగా ఉంటుంది. కొత్తలో తలని గట్టిగా పట్టుకుంటుంది, వాడగా వాడగా వదులవుతుంది. మైక్ లేదు, మీటింగులకి విడిగా కొనుక్కోవాలి. కానీ చెవి మెత్తలు, తల మీద మెత్త, తీగ, అన్నీ ఊడదీసి మార్చుకోవచ్చు. ఇంత డబ్బు పెట్టడానికి నన్ను ఒప్పించింది అదే.

ఇప్పుడు ఆంప్ లెక్క. చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే. హెచ్‌డి 600 ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, 300 ఓమ్‌లు. ఆ అంకె చూడగానే "దీనికి పెద్ద ఆంప్ లేకపోతే దండగ" అంటారు. కాగితం మీద వేసి చూద్దాం. దీనికి ఒక్క మిల్లీవాట్ ఇస్తే రమారమి 97 డెసిబెల్స్ వస్తుంది. ఆపిల్ డాంగిల్ ఒక వోల్టు ఇస్తుంది (యూరప్‌లో అమ్మేది సగమే ఇస్తుంది, అక్కడి నుంచి తెప్పించుకోకండి). 300 ఓమ్‌ల మీద ఒక వోల్టు అంటే 3.3 మిల్లీవాట్లు, అంటే సుమారు 102 డెసిబెల్స్. మనం హాయిగా వినేది సగటున 70, 75 దగ్గర, తనియావర్తనంలో మృదంగం దెబ్బ గట్టిగా పడినప్పుడు ఇంకో 20 కలుపుకున్నా సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. అంతకు మించి పెంచుకునే అలవాటు ఉంటే ఆంప్ కంటే ముందు ఆ అలవాటు సంగతి చూసుకోవాలి.

ఓమ్‌లు తక్కువైతే తేలిక అనుకోవడం కూడా తప్పే. హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ హెడ్‌ఫోన్ ఓమ్‌లు హెచ్‌డి 600 కంటే చాలా తక్కువ, కానీ దానికి సెన్సిటివిటీ (ఒక్క మిల్లీవాట్‌కి వచ్చే శబ్దం) తక్కువ, పైగా కరెంటు ఎక్కువ లాగుతుంది. 300 ఓమ్‌లది వోల్టేజీ అడిగితే అది కరెంటు అడుగుతుంది. అందుకే ఓమ్‌లూ సెన్సిటివిటీ రెండూ కలిపి చూడాలి, ఒక్క అంకె చూసి ఏదీ చెప్పలేం. ఇంకో మాట, ఆంప్‌కి తనదైన అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఉంటుంది, అది హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు కంటే తక్కువ ఉండాలి. లేకపోతే కొన్ని హెడ్‌ఫోన్లలో బేస్ ఉబ్బిపోతుంది.

మరి నేను ఫియో కె7 ఎందుకు కొన్నాను? మూడు నెలలు డాంగిల్ మీదే విన్నాక స్నేహితుడి కె7 ఒక వారం తెచ్చుకున్నాను. రెండింటికీ 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ ఏసీ వోల్టేజీలో పెట్టి, రెండూ ఒకే అంకె చూపించేదాకా వాల్యూమ్ సర్దాను. ఇది చేయకపోతే పోలికకి అర్థం లేదు, కాస్త గట్టిగా వినబడేదే మనకి బాగుందనిపిస్తుంది. అలా సరిచేశాక మా అమ్మాయిని తీగ మార్చమని, ఏది ఏదో చెప్పొద్దని చాలాసార్లు విన్నాను. తేడా పట్టుకోలేకపోయాను. ఇది నిజం, నేను దాచను.

తేడా ఇంకోచోట వచ్చింది. పాత రేడియో కచేరీల రికార్డింగులు చాలా సన్నగా ఉంటాయి, కొత్త పాటల కంటే పది డెసిబెల్స్ కిందే. దాని మీద నేను ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కింది బేస్‌ని ఐదు డెసిబెల్స్ లేపుకుంటాను, లేపినంత మేర మొత్తం స్థాయిని తగ్గించాలి, లేకపోతే శబ్దం చీరుకుపోతుంది. అక్కడ ఐదు, ఇక్కడ పది, డాంగిల్ వాల్యూమ్ 100కి పోయినా ఇంకా కావాలనిపించింది. కె7కి ఆ చిక్కు లేదు, లో గెయిన్‌లోనే, అంటే తక్కువ పెంపు సెట్టింగులోనే, మిగులు ఉంటుంది. నాబ్ చేతికి నిండుగా తగులుతుంది, చీకట్లో కూడా తడుముకుని తగ్గించొచ్చు. సన్నగా పెట్టినప్పుడు ఒక చెవిలో ఎక్కువ, ఒక చెవిలో తక్కువ కూడా రాదు. వెనక లైన్ అవుట్ ఉంది, స్పీకర్లకి పనికొస్తుంది. బ్యాలెన్స్‌డ్ తీగ (రెండు చెవులకీ విడివిడి జతలుగా వెళ్లేది) కోసం మాత్రం విడిగా డబ్బు పెట్టలేదు, ఈ హెడ్‌ఫోన్‌కి మామూలు జాక్‌లోనే కావలసినంత వస్తుంది. కరెంటు పోతే అడాప్టర్‌తో పాటు కె7 ఆగిపోతుంది, అప్పుడు ల్యాప్‌టాప్‌కి మళ్లీ ఆ డాంగిలే.

కాబట్టి చేతిలో పదిహేను, ఇరవై వేలు ఉంటే అందులో దాదాపు అంతా హెడ్‌ఫోన్ మీదే పెట్టండి. సెన్‌హైజర్‌దే హెచ్‌డి 560ఎస్ 120 ఓమ్‌లు, డాంగిల్ మీద ఏ ఇబ్బందీ లేకుండా పాడుతుంది. మూడు నెలలు వినండి, వాల్యూమ్ 100 దగ్గర మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే అప్పుడు ఆంప్ చూడండి. విండోస్‌లో సౌండ్ సెట్టింగులకి వెళ్లి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయడం మర్చిపోకండి, వాటి వల్ల గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అయితే నేను రెండు రోజులు హెడ్‌ఫోన్‌ని అనుమానించాను. హెచ్‌డి 600 తీగ మూడు మీటర్లు, కుర్చీ చక్రం కిందికి పోతుంది. మిగిలిన తీగని చుట్టి టేబుల్ కాలికి వెల్‌క్రో పట్టీతో కట్టేయండి.