లీడ్‌లున్న పేస్‌మేకర్, లీడ్‌లెస్ పేస్‌మేకర్: ముందు జాగ్రత్తలు, కోలుకునే తీరు

గుండె లయ తప్పకుండా చూసే పరికరం పేస్‌మేకర్. లీడ్‌లు, అంటే గుండెలోకి వెళ్లే తీగలు, ఉన్నదీ లేనిదీ (లీడ్‌లెస్) అని ఇందులో రెండు రకాలు. సన్నాహం విషయంలో ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. కొన్ని గంటల ఉపవాసం, రక్తపరీక్షలు, ముందుగా ఇచ్చే యాంటీబయాటిక్ రెండింటికీ సాధారణమే. రక్తం పలుచబడే మందులను ఆపాలా కొనసాగించాలా అన్నది మాత్రం వైద్యుడే తేల్చాలి, రోగి సొంతంగా మానేయడం ప్రమాదకరం.

అసలు తేడా కోలుకోవడంలో కనిపిస్తుంది. లీడ్‌లున్న పరికరాన్ని కాలర్‌బోన్ (మెడ, భుజాల మధ్య అడ్డంగా ఉండే ఎముక) దిగువన చర్మం కింద అమర్చి, తీగలను సిర ద్వారా గుండెలోకి పంపుతారు. ఆ తీగలు గుండె గోడలో కుదురుకునే వరకు, అంటే సాధారణంగా 4 నుంచి 6 వారాలు, ఆ వైపు చేతిని భుజానికి మించి ఎత్తకూడదు, బరువులు మోయకూడదు. అయితే భయంతో చేతిని అసలు కదపకుండా ఉంచేవారికి భుజం బిగుసుకుపోతుంది. నడుము ఎత్తులో మామూలు కదలికలు మంచివే. గాయం ఎర్రబడినా, వాచినా, చీము కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సుమారు 2 గ్రాముల బరువుండే లీడ్‌లెస్ పరికరాన్ని గజ్జలోని సిర గుండా నేరుగా గుండెలోకి చేరుస్తారు కనుక ఛాతీపై గాయం ఉండదు, చేతికి ఆంక్షలూ ఉండవు. కొన్ని గంటలు కాలు చాపి పడుకుని, కొన్నాళ్లు బరువులెత్తకుండా ఉంటే చాలు.

ఇంత సుఖం అందరికీ తగదు. బ్యాటరీ అయిపోయాక మొదటి రకంలో, అంటే లీడ్‌లున్నదానిలో, చర్మం కింద ఉన్న బ్యాటరీ పెట్టెను మార్చడం తేలిక. రెండోదాన్ని తరచుగా లోపలే వదిలేసి పక్కన కొత్తది పెడతారు. అందువల్ల చిన్న వయసువారికి మొదటిదే మేలనిపిస్తుంది. సిరలు మూసుకుపోయినవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి రెండోది నయం.