ఎర్ర నక్కా, ఆర్కిటిక్ నక్కా, ఫెనెక్కా: ఏ ఒళ్ళు మేలు?

కళ్ళకు కనిపించే నక్క వేరు, తూకానికి వచ్చే నక్క వేరు. చలికాలపు బొచ్చుతో, కుచ్చుతోకతో నిలబడ్డ ఎర్ర నక్కను చూస్తే ఇరవై కిలోలైనా ఉంటుందనిపిస్తుంది. తూచి చూస్తే చాలాసార్లు ఆరేడు కిలోలే. అదే నక్క వానలో నానిపోయి బొచ్చంతా ఒంటికి అంటుకుపోయినప్పుడు దాని అసలు ఆకారం బయటపడుతుంది. పుల్లల్లాంటి కాళ్ళు, ఇరుకు ఛాతీ, కొనదేలిన మూతి, అంతే. అందుకే నక్కల్ని పోల్చేటప్పుడు ఫొటోల్ని నమ్మకూడదంటాను. ముందు బరువు చూడాలి, ఆ తర్వాతే పొడవు.

అంకెల్లోకి వస్తే, ఎర్ర నక్క ముక్కు నుంచి తోక మొదలు వరకు 45 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటుంది. తోక మరో 30 నుంచి 55. బరువు రెండు కిలోల పైనుంచి 14 కిలోల దాకా నమోదైంది. ఒకే జాతిలో ఇంత తేడా ఏమిటని ఆశ్చర్యం వేస్తుంది. ఎడారి ప్రాంతాల్లో తిరిగే ఎర్ర నక్క మూడు కిలోలకు అటూ ఇటూ ఉంటే, ఉత్తరపు చలి ప్రాంతాల్లోది దానికి రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తూగుతుంది. ఆర్కిటిక్ నక్క దీనికన్నా చిన్నది. మగది సగటున 55 సెంటీమీటర్లు, మూడున్నర కిలోలు. ఆడది మూడు కిలోలకు కాస్త తక్కువ. ఇక సహారా ఇసుకలో బతికే ఫెనెక్ అన్నిటికన్నా చిన్నది. నలభై సెంటీమీటర్లు కూడా దాటదు, కిలో నుంచి కిలోన్నర తూగుతుంది. మనకు తెలిసిన గుంటనక్క రెండు నుంచి నాలుగు కిలోలు. అంటే ఎండలో మాడే మైదానాల గుంటనక్క, మంచు మీద తిరిగే ఆర్కిటిక్ నక్క ఇంచుమించు ఒకే బరువు!

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. చలి పెరిగేకొద్దీ జంతువుల ఒళ్ళు పెద్దదవుతుందని పుస్తకాల్లో చదువుకుంటాం. ఒళ్ళు పెద్దదైతే లోపలి వేడి తొందరగా బయటికి పోదు కాబట్టి అందులో న్యాయముంది. ఎర్ర నక్కల వరకు అది సరిపోతుంది కూడా. మరి అందరికన్నా ఎక్కువ చలిలో ఉండే నక్క ఎర్ర నక్క కంటే ఎందుకు చిన్నగా ఉంది?

చలి సంగతి అది బొచ్చుతోనే తేల్చేసుకుంది. పొట్టి చెవులు, పొట్టి మూతి, అరికాళ్ళకు కూడా దట్టమైన బొచ్చు. మైనస్ 70 డిగ్రీల దాకా దానికి వణుకు మొదలు కాదని ప్రయోగాల్లో తేలింది. దాన్ని చంపేది చలి కాదు, ఆకలి. లెమ్మింగ్ అనే చిన్న ఎలుక జాతి మీద అది చాలా చోట్ల ఆధారపడుతుంది. ఆ లెమ్మింగ్‌లు మూడు నాలుగేళ్ళకోసారి పుట్టలు పుట్టలుగా పెరిగి, ఆ తర్వాత దాదాపు కనుమరుగవుతాయి. అలాంటి చోట పెద్ద ఒళ్ళంటే రోజూ తీర్చలేని అప్పు. ఏడు కిలోల ఒంటికి కావలసిన తిండి అక్కడ దొరకదు. మూడు కిలోల ఒంటికైతే చచ్చిన సీల్ మాంసమో, ఎలుగుబంటి తిని వదిలేసిందో, ఎండాకాలంలో దాచుకున్న పక్షి గుడ్లో సరిపోతాయి.

చిన్న ఒళ్ళు కదా అని ఓపికను తక్కువ అంచనా వేయకండి. శాస్త్రవేత్తలు ట్రాన్స్‌మిటర్ కట్టిన ఏడాది నిండని ఆడ ఆర్కిటిక్ నక్క ఒకటి 2018లో నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల నుంచి బయల్దేరి, సముద్రం మీది మంచును, గ్రీన్‌లాండ్‌ను దాటి కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికి చేరింది. 76 రోజుల్లో 3,506 కిలోమీటర్లు! ఒక్క రోజులో 155 కిలోమీటర్లు నడిచిన రోజు కూడా ఉంది. ఆ లెక్కలు చదివినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

అయితే తిండి దండిగా ఉన్నచోట కథ మారిపోతుంది. రెండు నక్కలు ఎదురుపడితే గెలిచేది ఎర్ర నక్కే. అది ఆర్కిటిక్ నక్క బొరియల్ని ఆక్రమిస్తుంది, పిల్లల్ని చంపుతుంది, పెద్దవాటిని కూడా వదలదు. 1992లో హెర్‌స్టెయిన్సన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చక్కగా విడదీసి చెప్పారు. ఎర్ర నక్క ఉత్తరాన ఎంత దూరం పోగలదో తేల్చేది తిండి. ఆర్కిటిక్ నక్క దక్షిణాన ఎక్కడ ఆగిపోవాలో తేల్చేది ఎర్ర నక్క.

ఫెనెక్‌కు ఈ గొడవ తక్కువ. దాని చెవులు తలకన్నా పెద్దగా కనిపిస్తాయి. ఒంట్లోని వేడిని బయటికి పంపడానికీ, ఇసుక కింద పురుగు కదిలితే వినడానికీ అవే. పగలంతా బొరియలో ఉండి రాత్రి బయటికొస్తుంది. ఆ ఎడారిలో కిలోన్నర కంటే పెద్ద ఒళ్ళు దండగే.

ఇక ఆయుష్షు. ఇక్కడే చాలామంది పొరబడతారు. జూలో ఎర్ర నక్క 15 ఏళ్ళ దాకా, ఫెనెక్ 14 ఏళ్ళ దాకా బతికాయి. ఆ అంకె చూసి అడవిలోనూ అంతే అనుకుంటాం. అడవిలో ఎర్ర నక్క ఐదేళ్ళు దాటడమే అరుదు. పుట్టిన పిల్లల్లో చాలా వరకు మొదటి ఏడాదే పోతాయి. ఆర్కిటిక్ నక్కకు మూడు నాలుగేళ్ళంటే నిండు జీవితం.

ఈ వయసులు ఎలా తెలుస్తాయంటే, పంటిని బట్టి. చనిపోయిన నక్క కోరపన్ను వేరును పల్చటి పొరగా కోసి, రంగు అద్ది మైక్రోస్కోప్ కింద పెడతారు. చెట్టు మానులో వలయాల్లాగా సన్నని గీతలు కనిపిస్తాయి, ఏడాదికొకటి చొప్పున. చాలా పళ్ళలో ఒకటో రెండో గీతలుంటాయి, అంతే.

కాబట్టి ఆయుష్షును పిల్లల లెక్కతో కలిపి చూడాలి. లెమ్మింగ్‌లు బాగా ఉన్న ఏడాది ఆర్కిటిక్ నక్క ఒక్క ఈతలో పది పైనే పిల్లల్ని కంటుంది, 18 దాకా కన్న దాఖలాలున్నాయి. ఎర్ర నక్క మామూలుగా నాలుగు నుంచి ఆరు, ఫెనెక్ ఒకటి నుంచి నాలుగు. మూడేళ్ళ బతుకులో ఒక్క మంచి ఏడాది దొరికితే చాలు, ఆర్కిటిక్ నక్క వంశం నిలబడుతుంది.

ఏది మేలని నన్నడిగితే, ఎక్కడైనా సర్దుకుపోవడంలో ఎర్ర నక్కకు సాటి లేదు. పొలమైనా, అడవైనా, నగరమైనా దానికి ఒకటే. కానీ ఒంటి కొలతను బతుకుకు సరిగ్గా అమర్చుకున్న నక్క ఏదంటే నా ఓటు ఆర్కిటిక్ నక్కకే. బాధేమిటంటే వాతావరణం వేడెక్కుతూ, మనుషుల వల్ల తిండి మిగులుతూ ఉండటంతో ఎర్ర నక్క ఉత్తరానికి జరుగుతోంది. స్వీడన్ 1928లో, నార్వే 1930లో, ఫిన్లాండ్ 1940లో ఆర్కిటిక్ నక్క వేటను నిషేధించినా అక్కడ వాటి సంఖ్య చాలాకాలం కోలుకోలేదు.

ఇప్పుడు నార్వే, స్వీడన్ కొండల్లో వాటికోసం తిండి డబ్బాలు పెడుతున్నారు. డబ్బాకు ఒక ఇరుకు దారి ఉంటుంది. ఆర్కిటిక్ నక్క అందులోంచి దూరి కడుపు నింపుకుంటుంది. ఎర్ర నక్క ఒళ్ళు పట్టదు.