పెట్టెలో ‘రోమ్ 1960’ నాణెం కనిపిస్తే కొనకండి

ఒలింపిక్స్ థీమ్ మీద స్మారక నాణేలు సేకరించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా పెద్ద కలెక్షన్ జోలికి పోకుండా, ఏడెనిమిది నాణేలతో ముచ్చటగా ఒక చిన్న సెట్ చేసుకుందాం అనుకునేవాళ్ల కోసం. ‘తొలినాటి ఒలింపిక్ నాణేలు, 1952–1972’ అని చెక్కపెట్టెలో పెట్టి, సీలు వేసి అమ్మే రెడీమేడ్ సెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అలాంటిది ఒకటి నేను కొన్నాను. ఏడు నాణేలు అన్నారు. వాటిలో రెండు అసలు నాణేలే కావు. ఒకటి నకిలీ. ఒకటి అసలుదే గానీ పూత పూసి పాడుచేశారు. ఇంకొకటి చెప్పిన సంవత్సరానిది కాదు. బాగున్నవి రెండే. నాలా ఇంకొకరు నష్టపోకూడదు, అందుకే వివరంగా చెబుతున్నాను.

ముందు ఈ థీమ్ గురించి కొంచెం తెలియాలి, ఎందుకంటే మోసం పట్టుబడేది అక్కడే. ఆధునిక ఒలింపిక్స్ కోసం వచ్చిన మొదటి స్మారక నాణెం ఫిన్లాండ్‌ది, 1952 హెల్సింకి క్రీడలకు వేసిన 500 మార్కాల వెండి నాణెం. ఆ తర్వాత 1956 మెల్‌బోర్న్‌కు గానీ 1960 రోమ్‌కు గానీ ఆ దేశాలు ఒలింపిక్ నాణెం వేయలేదు. మళ్లీ 1964లోనే మొదలైంది. శీతాకాల క్రీడలకు ఆస్ట్రియా ఇన్స్‌బ్రుక్ పేరుతో 50 షిల్లింగుల నాణెం వేసింది, వేసవి క్రీడలకు జపాన్ 100 యెన్, 1000 యెన్ నాణేలు వేసింది. 1968లో మెక్సికో 25 పెసోలు, 1972లో జపాన్ నుంచి సప్పోరో 100 యెన్, పశ్చిమ జర్మనీ నుంచి మ్యూనిక్ 10 మార్కులు. ఆ తర్వాత 1976 మాంట్రియల్‌కు కెనడా ఏకంగా 28 వెండి నాణేలు వేసింది. అందుకే చిన్న సెట్ కావాలనుకునేవాళ్లు చాలామంది 1972 దగ్గర ఆగుతారు. నేనూ అదే అనుకున్నాను.

పెట్టె తెరిచినప్పుడు మాత్రం చాలా సంతోషంగా అనిపించింది. నీలం మఖ్మల్ గుడ్డ, గుండ్రటి గుంటల్లో ఏడు బిళ్లలు, ఒక్కోదాని కింద ఊరి పేరు, సంవత్సరం. మెల్‌బోర్న్ 1956, రోమ్ 1960 అని చూడగానే ‘అబ్బ, వరసలో ఒక్కటి కూడా తప్పలేదే’ అనుకున్నాను. ఆ ఏళ్లలో నాణేలే లేవన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. రోమ్ బిళ్లను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. ఒకవైపు తోడేలు బొమ్మ, కింద ఐదు వలయాలు, ‘రోమా 1960’. రెండోవైపు జ్యోతి, చుట్టూ ఆకుల దండ. బాగానే చెక్కారు. కానీ ఎంత వెతికినా దేశం పేరు లేదు, ఎన్ని లీరాలో చెప్పే అంకె లేదు. మెల్‌బోర్న్‌దీ అంతే.

దేశం పేరూ, ముఖ విలువా లేని బిళ్లను ఎవరైనా వేయొచ్చు. దాన్ని మెడల్ అంటారు, నాణెం అనరు. మెడల్ అని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు, మెడల్స్ ఇష్టంగా సేకరించేవాళ్లూ ఉన్నారు. నాణేల వరసలో దాన్ని ఇరికించి, నాణెం ధర తీసుకోవడం మాత్రం మోసమే. థీమ్ సెట్లలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే కొనేవాడికి అసంతృప్తి, ఆ ఖాళీని వీళ్లు బిళ్లతో నింపేస్తారు.

టోక్యో 1000 యెన్ సంగతి ఇంకా ఘోరం. అది పట్టుబడింది కూడా అనుకోకుండానే. ఇన్స్‌బ్రుక్ నాణెం ఎడమ చేతిలో, టోక్యోది కుడి చేతిలో పట్టుకుని పోల్చి చూస్తున్నాను. రెండూ వెండే, రెండింటి బరువూ 20 గ్రాములే ఉండాలి. వ్యాసం కూడా దాదాపు ఒకటే, 34 మిల్లీమీటర్లు ఒకటి, 35 ఇంకొకటి. అయినా కుడి చెయ్యి తేలిగ్గా ఉంది. కాటా మీద పెట్టాను. ఇన్స్‌బ్రుక్ 19.98. టోక్యో 17.3. వాడుకలో అరిగిందనుకోవడానికి అది కొత్త నాణెంలా మెరుస్తోంది, ఫూజీ పర్వతం గీతలు కూడా చెక్కుచెదరలేదు. అరుగుదల వల్ల పోయేది గ్రాములో కొద్ది భాగమే, రెండున్నర గ్రాములు పోదు.

అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదని తేలిపోతుంది, నిజమే. అంటుకోనంత మాత్రాన వెండి అనుకోవడానికి లేదు. రాగి, నికెల్ కలిపి పోసిన మామూలు నాణెం లోహం కూడా అయస్కాంతానికి అంటుకోదు.

అప్పుడు నీళ్ల పరీక్ష చేశాను. కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి, కాటాను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. కాటా చూపించే అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. కాటా 1.94 చూపించింది. 17.3ను 1.94తో భాగిస్తే సుమారు 8.9. 1000 యెన్ నాణెంలో వెండి 92.5 శాతం, దాని సాంద్రత 10.3 దగ్గర రావాలి. 8.9 అంటే రాగి–నికెల్. సైజు సరిగ్గా దించారు, లోహం దించలేకపోయారు. ఈ పరీక్ష వల్ల నాణేనికి ఏమీ కాదు. తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దొద్దు.

రుద్దడం అంటే గుర్తొచ్చింది, హెల్సింకి నాణెం. అమ్మకం పేజీలో ‘1951–52, అరుదైనది’ అని రాశారు. ఈ నాణేలు రెండు వేర్వేరు సంవత్సరాలతో వచ్చాయి. 1952 అని ఉన్నవి లక్షల్లో వేశారు. 1951 అని ఉన్నవి ఇరవై వేలు కూడా లేవు. రెండింటి ధరకీ పొంతనే ఉండదు. ‘1951–52’ అని కలిపి రాయడంలో ఉన్న కిటుకు అదే, వేసింది 1951 ధర, పంపింది 1952 నాణెం. పైగా దాన్ని ఏదో పేస్టుతో తోమారు. భూతద్దంలో చూస్తే అక్షరాల మూలల్లో తెల్లటి పొడి గట్టిపడి ఉంది, ఖాళీ భాగమంతా ఒకే దిక్కుకు సన్నటి గీతలు. కంటికి తళతళలాడుతుంది. కానీ డెబ్బై ఏళ్ల నాణేనికి సహజంగా వచ్చిన ఆ మసక రంగు పోయింది, అది మళ్లీ రాదు. ఇంట్లో పాత నాణేలు ఉన్నవాళ్లు దయచేసి వాటిని తోమకండి.

మ్యూనిక్ నాణెం చూసినప్పుడు మాత్రం నిజంగా బాధేసింది. ఈ 10 మార్కుల నాణేలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆరు డిజైన్లు, నాలుగు టంకశాలలు, అంచు మీద ఒలింపిక్ నినాదం. మొదటి డిజైన్ మీద ‘డాయిచ్‌లాండ్‌లో’ (అంటే జర్మనీలో) అని రాస్తే తూర్పు జర్మనీ అభ్యంతరం చెప్పింది, తర్వాత దాన్ని ‘మ్యూనిక్‌లో’ అని మార్చారు. ఒక్క మాట తేడాలో రెండు జర్మనీల గొడవంతా కనిపిస్తుంది. నా పెట్టెలో వచ్చింది ఆ మొదటి డిజైనే, అసలుదే. దాని మీద బంగారు పూత పూసి ‘స్పెషల్ గోల్డ్ ఎడిషన్’ అని పేరు పెట్టారు. టంకశాల ఈ నాణేన్ని వెండితోనే వేసింది, బంగారు ఎడిషన్ ఏదీ లేదు. పూతలో ఉండే బంగారం పొర విలువ దాదాపు లేనట్టే. పూత దించాలని చూస్తే కింద వెండి కూడా దెబ్బతింటుంది. రంగు బొమ్మలు అతికించిన నాణేలకూ ఇదే వర్తిస్తుంది. టంకశాలలే కొన్నిటికి రంగులు వేసి విడుదల చేస్తాయి, అవి వేరే. బయటివాళ్లు తర్వాత వేసిన రంగు నాణేన్ని పాడుచేయడమే.

పెట్టెతో పాటు ఒక సర్టిఫికెట్ కూడా వచ్చింది. దళసరి కాగితం, బంగారు ముద్ర, ‘లిమిటెడ్ ఎడిషన్, 5000లో 417వది’. ఆ అంకె ఏమిటో ఆలోచించండి. 1000 యెన్ నాణేన్ని జపాన్ కోటీ యాభై లక్షలు వేసింది. లిమిటెడ్ అయింది నాణెం కాదు, చెక్కపెట్టె. సర్టిఫికెట్ మీద ఒక్క టంకశాల పేరూ లేదు, అచ్చు వేయించుకుంది అమ్మేవాళ్లే.

వాపసు అడిగితే ‘సీలు తెంచారు కాబట్టి తీసుకోం’ అన్నారు. సీలు తెంచకుండా తూకం వేయడం కుదరదు, అంచు చూడడం కుదరదు. ఆ సీలు వేసేది అందుకే అని నాకిప్పుడు అర్థమైంది. రెండు వారాలు మెసేజ్‌లు పెట్టాను. మొదట జవాబులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. చివరికి డబ్బు కట్టిన చోటే ఫిర్యాదు పెట్టాను. కాటా మీద నాణెం ఫొటో, నీళ్ల పరీక్ష వీడియో, ముఖ విలువ లేని రెండు బిళ్లల బొమ్మా బొరుసూ, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ అన్నీ జతచేశాను. సగం డబ్బు వెనక్కి వచ్చింది. స్క్రీన్‌షాట్ ముందే తీసి ఉండకపోతే అదీ వచ్చేది కాదు, ఎందుకంటే వాళ్లు ఈలోగా పేజీలో ‘నాణేలు’ అన్నచోట ‘నాణేలు, మెడల్స్’ అని మార్చేశారు.

ఇంకో చిన్న సంగతి. ఆర్డర్ పెట్టేటప్పుడు కింద ఒక గడిలో టిక్ ముందే పెట్టి ఉంది, ‘తర్వాతి సెట్ కూడా పంపండి’ అని. నేను చూసి తీసేశాను. మీరూ చూసుకోండి, లేకపోతే నెలనెలా పెట్టెలు వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు నేను ఒక్కో నాణెమే కొంటున్నాను. బొమ్మా బొరుసూ ఫొటోలతో పాటు అంచు ఫొటో, కాటా మీద పెట్టిన ఫొటో అడుగుతాను. ఇవ్వనంటే అక్కడితో వదిలేస్తాను. ఈ సెట్ చేసుకునేవాళ్లు ఈ అంకెలు రాసిపెట్టుకోండి: హెల్సింకి 500 మార్కాలు 12 గ్రాములు, సగం వెండి. ఇన్స్‌బ్రుక్ 50 షిల్లింగులు 20 గ్రాములు, 90 శాతం వెండి. టోక్యో 1000 యెన్ కూడా 20 గ్రాములే, 100 యెన్ అయితే 4.8. మెక్సికో 25 పెసోలు 22.5 గ్రాములు, 72 శాతం వెండి. మ్యూనిక్ 10 మార్కులు 15.5 గ్రాములు, 62.5 శాతం. సప్పోరో 100 యెన్ మాత్రం వెండి కాదు, రాగి–నికెల్. దాన్ని ఎవరైనా వెండి అని అమ్మితే అక్కడే ఆగిపోండి. మెల్‌బోర్న్, రోమ్ ఖాళీగానే ఉండనివ్వండి. నా కొత్త పెట్టెలో ఆ రెండు గుంటలూ లేవు, హెల్సింకి పక్కనే ఇన్స్‌బ్రుక్ ఉంటుంది.

పెట్టెతో వచ్చిన మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో నాణేలు ఉంచొద్దు. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ఆ ప్లాస్టిక్ పీవీసీ. కొంతకాలానికి నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్, నాణెం వ్యాసానికి సరిపోయేది, వేరుగా కొనుక్కోండి.

ఇలాంటి పెట్టె ఇప్పటికే మీ ఇంటికి వచ్చి, సీలు ఇంకా తెంచకుండా ఉంటే, ముందు అమ్మకం పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి. ఏడింటిలో మెల్‌బోర్న్, రోమ్ ఉన్నాయేమో పైనుంచే కనిపిస్తుంది. ఉంటే తెరవకుండానే వాపసు అడగండి. తెరవక తప్పకపోతే ఫోన్ కెమెరా ఆన్ చేసి, సీలు తెంచడం దగ్గర్నుంచి కాటా మీద ఏడో నాణెం పెట్టేదాకా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఫిర్యాదుకు గడువు ఎన్ని రోజులో ఈ రోజే చూసుకోండి. నేను మెసేజ్‌లకు జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నాకు మిగిలింది నాలుగు రోజులే.